పాట లోపలి పేరు

ముందుగది, కంప్యూటరు బల్ల దగ్గర నుంచి
ఆదివారం

అక్కకి,

మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కుతున్నావా? ఈ రెండిటికీ జవాబు వచ్చాకే అసలు సంగతి అడుగుదామనుకున్నాను. అంత ఓపిక లేదు. నా పాటలేవి?

ఫోన్ చేసి అడగొచ్చు. చేస్తే నువ్వు మాట్లాడతావు, నేను వింటాను, ఆఖర్న తప్పు నాదేనని ఒప్పుకుని పెట్టేస్తాను. చిన్నప్పట్నుంచీ ఇదే వరస. అందుకని కాగితం. కాగితం మీద నువ్వు నా మాటకి అడ్డం రాలేవు.

ఆపరేషన్ తర్వాత నెల్లాళ్ళు మా ఇంట్లో ఉన్నావు. మాకు సంతోషమే. నేను మైకు సెట్టు వేసుకుని ఫంక్షన్ల చుట్టూ తిరుగుతుంటే, పగలంతా ఊరికే కూర్చోలేక పాటలు సర్దుతున్నానన్నావు. సర్దడమంటే దుమ్ము దులపడంలాంటిదనుకున్నాను. నిన్న ఒక పుట్టినరోజుకి పెన్‌డ్రైవ్‌లోకి పాటలు ఎక్కిద్దామని కూర్చుంటే నా ఫోల్డర్లు ఒక్కటీ లేవు. ‘భోజనాలు’ లేదు. ‘ఫొటోలు’ లేదు. ‘పిల్లల గంతులు’, ‘రిటైర్మెంట్ కన్నీళ్ళు’, ‘కరెంటు పోయొచ్చాక’, ఏవీ లేవు. వాటి స్థానంలో ఉన్నవి చదువుతాను, విను. ‘ఆడది అర్థం కానివాళ్ళు’. ‘వెంటపడటమే ప్రేమ’. ‘తాగుబోతు తత్వం’. ‘అమ్మని పొగిడి అన్నం వండించుకునేవి’. ‘పేదరికం ఎంత బాగుందో’. చివర్న ‘ఫర్వాలేదు’. ఆ ‘ఫర్వాలేదు’ తెరిస్తే వేళ్ళమీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి. అన్నీ వాయిద్యాలే. మాటలున్నది ఒక్కటీ లేదు.

లోపల పాటలకీ పేర్లు మార్చావు. పుట్టినరోజు పాప వాళ్ళ నాన్న పక్కన నిలబడి ఫలానా పాట వెయ్యమంటుంటే, నేను ‘ఇల్లాలు అలిగితే జోకు, ఇతను అలిగితే కావ్యం’ అన్న పేరు మీద నొక్కి అదో కాదో చెవి పెట్టి వింటున్నాను.

అక్కా, నీకు తెలియనిది కాదు. వచ్చే నెల పెద్ద హాలు ఓనరుగారి పాతికేళ్ళ పెళ్ళిరోజు. ఆ రోజు నా పని చూసి, ఏడాది పొడుగునా ఆ హాల్లో మైకూ పాటలూ నావేనని కాంట్రాక్టు రాస్తామన్నారు. మేనేజరుకి నేను గిట్టను. లోకంలో పాటలన్నీ ఫోన్లో యాప్‌లో ఉన్నాయి, మధ్యలో ఈ మైకతనెందుకని ఓనరు చెవిలో ఊదుతున్నాడు. కాంట్రాక్టు పోతే స్పీకర్లు అమ్మేసి ఇంకొకడి దగ్గర వైర్లు మొయ్యాలి. నా పాటలు నాకు దొరికేట్టు ఎలా చెయ్యాలో చెప్పు, చాలు.

నీ మరదలు నిన్ను అడిగానని రాయమంది.

తమ్ముడు


స్టాఫ్ రూము, కిటికీ పక్క బల్ల
మూడో పీరియడు ఖాళీ

ఒరేయ్ చిన్నోడా,

మోకాలు బాగుంది. మెట్లు ఎక్కుతున్నాను. దిగడమే కష్టం, నా అభిప్రాయాల్లాగే.

నీ పాటలు నీ కంప్యూటర్లోనే ఉన్నాయి. ఒక్కటి కూడా పారెయ్యలేదు. పారెయ్యాల్సినవి చాలా ఉన్నా పారెయ్యలేదు, ఎందుకంటే నిషేధాల మీద నాకు నమ్మకం లేదు. పేరు పెట్టడం మీద ఉంది.

నేనొచ్చేనాటికి దాని అవతారం ఏమిటో మర్చిపోయావా? తెర మీద పాటల బొమ్మలు ఒకదానిమీదొకటి ఎక్కి కూర్చున్నాయి. వెనకాల మీ పెళ్ళిఫొటోలో నీ మొహం మాయం, మరదలి చెవి ఒక్కటే కనిపిస్తోంది. ‘కొత్త ఫోల్డరు’ తెరిస్తే దాన్లో ‘కొత్త ఫోల్డరు రెండు’. దాన్లో ‘ఇది కాదు’. దాన్లో ‘అసలుది’. అది తెరిస్తే ఖాళీ. ఒకే పాట ఏడెనిమిది చోట్ల, ఒక చోట బావిలోంచి పాడినట్టు, ఇంకో చోట రేకు డబ్బాలో పాడినట్టు. సగం పాటలకి పేరే లేదు, ఎక్కణ్ణుంచి దించుకున్నావో ఆ సైటు పేరుంది. డిస్కు నిండిపోయి కంప్యూటరు రోజూ మొత్తుకుంటుంటే, ఆ హెచ్చరిక కనపడకుండా దానిమీద ఇంకో కిటికీ తెరిచి పెట్టుకున్నావు. నేను రెండోసారి ఉన్నవీ మూడోసారి ఉన్నవీ వెతికి, బాగా వినపడేది ఒకటుంచి, మిగతావి బయటి డిస్కులోకి తోసి ఊపిరి ఆడేట్టు చేశాను. దానికి థాంక్స్ లేదు.

ఇక వాదన. నీ పద్ధతేమిటి? భోజనాలకి కొన్ని, ఫొటోలకి కొన్ని. అంటే పాట ఎప్పుడు మోగాలో చాలు, ఏం చెబుతోందో అక్కర్లేదు. మన బతుకులు సగం ఇలాగే తగలడ్డాయి. నీ ‘భోజనాలు’లో ఒక పాట ఉంది. మగవాడు పెళ్ళాన్ని కొడతాడు, కొట్టి వాన్లోకి వెళ్ళి తనే ఏడుస్తాడు. వాయులీనాలు వాడివైపే ఏడుస్తాయి. దెబ్బ తిన్నామె పాటలో ఎక్కడా లేదు, కనీసం కోరస్‌లో కూడా. జనం దానికి తలలూపుతూ రెండోసారి వడ్డించుకుంటారు. దాని పేరు ‘భోజనాలు’ అంటే నేనొప్పుకోను.

యాప్ విషయంలో మాత్రం నేను నీ పక్షం. మీ బావ నెలనెలా దానికి అద్దె కడతాడు. పోయిన నెల మర్చిపోతే, గడ్డం గీసుకుంటుండగా పాట మధ్యలో ఆగిపోయింది. సగం నురగతో ఫోన్‌ని బతిమాలుతూ నిలబడ్డాడు. అద్దె పాటకి నువ్వు పేరు మార్చలేవు, పక్కింటాయనకి ఇవ్వలేవు, రేపు వాళ్ళు తీసేస్తే ఎందుకని అడగలేవు. నీ డిస్కులో ఉన్న పాట నీది. నీదైనదాన్నే కదా నేను సర్దగలిగింది. ఈ ముక్క మేనేజరుతో చెప్పు.

పైన పేర్లు నచ్చకపోతే మార్చుకో. నీ ఇష్టం.

అక్క


ముందుగది నుంచే
బుధవారం

అక్కకి,

మార్చాను. నా ఇష్టం అన్నావుగా.

నాలుగు రోజులు పట్టింది. నీ మరదలు చదవడం, నేను కొట్టడం, మధ్యలో అది నవ్వడం. ‘తాగుబోతు తత్వం’లో పాటల పేర్లు చదువుతూ రెండుసార్లు కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయింది, నవ్వు ఆపుకోలేక. ఇంట్లో శత్రువుని పెట్టుకుని నేను బయట మేనేజరుతో పోట్లాడుతున్నాను. మొత్తానికి ఫైళ్ళన్నిటికీ పాత పేర్లు వచ్చాయి. ‘భోజనాలు’ వచ్చింది. ‘ఫొటోలు’ వచ్చింది. ప్రాణం లేచొచ్చింది.

హాల్లో కొత్తగా బోర్డు పెట్టారు. వేదిక పైన, గోడ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఎర్రక్షరాలు పాకుతూ వెళ్తాయి. ఏ పాట మోగుతుంటే దాని పేరు దానంతటదే నడుస్తుందట. మేనేజరు యాప్ పెట్టి చూపించాడు. మధ్యలో జుట్టు రాలకుండా నూనె ప్రకటన వచ్చింది, అది కూడా బోర్డు మీద నడిచింది. ఓనరుగారికి బట్టతల. నాకింకా ఆశ ఉంది.

ఇంకో సంగతి. ప్లేయర్లో ‘ఎక్కువసార్లు విన్నవి’ అని ఒక మూల ఉంటుంది. నిన్న చెయ్యి తగిలి తెరుచుకుంది. నువ్వున్న నెల్లాళ్ళలో అన్నిటికంటే ఎక్కువ మోగిన పాటేదో తెలుసా? నువ్వు ‘సంస్కారహీనతకు పరాకాష్ఠ’ అని పేరు పెట్టిన పాట. నేను ఫంక్షన్లకి పోయాక పొద్దునా సాయంత్రం మోగింది. ఇంట్లో యాంప్లిఫయర్ నువ్వే అనుకున్నాను, లోపల ఇంత డాన్సుందని తెలీదు.

తమ్ముడు


ఇంట్లోంచి, బావ పడక్కుర్చీలో
ఆదివారం

చిన్నోడా,

మొదటిది. మరదల్ని ‘అది’ అని రాశావు. నీ ఇంట్లో కుర్చీ అది, బల్ల అది. ఆమె ఆమె. మళ్ళీ రాస్తే ఉత్తరం తిప్పి పంపిస్తాను.

రెండోది. ఆ పాట నేను విన్నది డాన్సుకి కాదు. మోకాలి వ్యాయామానికి. కాలు ఎత్తి, నిలిపి, దించాలన్నారు డాక్టరమ్మ. ఎత్తడానికీ దించడానికీ సరిగ్గా సరిపోయే దరువు నీ ఇంట్లో ఆ ఒక్కదానికే ఉంది. మిగతావన్నీ కాలు ఎత్తేలోపు ఏడుపులోకి దిగుతాయి. మాటలు నేను వినలేదు. విన్నా ఖండిస్తూ విన్నాను. ఒక దాన్ని విమర్శించాలంటే దాన్ని పూర్తిగా తెలుసుకోవాలన్నది నా పద్ధతి, తెలుసుకోవడానికి ఎన్నిసార్లైనా పడుతుంది. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. మీ బావ నవ్వుతున్నాడు, ఆయన సంగతి వేరే చూస్తాను.

మూడోది. యాంప్లిఫయర్ అన్నావు. ఆడది నెమ్మదిగా మాట్లాడితే ఎవడూ వినడు, గట్టిగా మాట్లాడితే యాంప్లిఫయర్. ఈ లెక్కన మీరంతా పుట్టుకతో స్పీకర్లు, ఎవరు ఏం పంపిస్తే అది మోగుతారు.

రెండో పేజీలోకి వచ్చేశాను కాబట్టి ఇదొకటి కూడా. పాట ఫైలుకి పేర్లు రెండుంటాయి. పైనుండేది ఒకటి, సంచి మీద రాసుకున్నట్టు. లోపలుండేది ఇంకోటి, సంచిలో వేసిన చీటీలాగా. నువ్వు మార్చింది పైది. నేను రాసింది రెండు చోట్లా. ఆ బోర్డు ఏ పేరు చదువుతుందో ఫంక్షన్‌కి ముందే చూసుకో. చాలామటుకు లోపలిదే చదువుతాయట.

అక్క


హాలు వెనక, జనరేటరు పక్కన అట్టపెట్టె మీద కూర్చుని
సోమవారం

అక్కకి,

నీ ఉత్తరం ఫంక్షన్‌కి వారం ముందే వచ్చింది. మొదటి పేజీ చదివాను, ఒళ్ళు మండింది, మడిచి యాంప్లిఫయర్ కింద పెట్టాను. రెండో పేజీ ఇవాళ చదివాను. ఇల్లు తగలబడుతోందన్న మాట రెండో పేజీ అడుగున రాసేవాళ్ళని లోకంలో నిన్నొక్కదాన్నే చూశాను.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అతిథులు వచ్చేటప్పుడు వాయిద్యాలు పెట్టాను. బోర్డు మీద ‘ఫర్వాలేదు, ఒకటి’ అని నడిచింది. తర్వాత ‘ఫర్వాలేదు, రెండు’. అవి నువ్వు పెట్టిన పేర్లేనని అప్పుడు వెలిగింది. మేనేజరు పక్కనొచ్చి, ఏదో కొత్తరకంగా ఉంది, వచ్చినవాళ్ళకి ధైర్యం చెబుతున్నట్టుందని మెచ్చుకున్నాడు. బతికిపోయాననుకున్నాను. బోర్డు ఎక్కడ ఆపాలో తెలీదు, దాని తాళం అతని దగ్గరే ఉంది. పాట ఆపేద్దామంటే హాలంతా నిశ్శబ్దమైపోతుంది, మైకు సెట్టువాడికి అంతకంటే చావు లేదు.

భోజనాల దగ్గర మొదటి పాటకే ‘అమ్మని పొగిడి అన్నం వండించుకునేవాడు’ అని నడిచింది. అమ్మలంతా ఒక బల్ల దగ్గరున్నారు. వాళ్ళలో ఒకావిడ చదివి పక్కావిడకి చెప్పింది. ఆ బల్ల తినడం ఆపేసి బోర్డుకేసి తిరిగి కూర్చుంది. రెండో పాటకి ‘ఈమె వద్దంటోంది, ఇతనికి వినపడదు’. మూడోదానికి ‘ఉద్యోగం లేదు, సిగరెట్టుంది, అందుకే హీరో’. కుర్రాళ్ళు ఈలలు మొదలెట్టారు. వడ్డించేవాళ్ళు కూడా గిన్నెలు పట్టుకుని నిలబడి చదువుతున్నారు. నవ్వులో పాట వినపట్టం లేదు. మేనేజరు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, ఇదేంటిది, ఎవరు రాశారిది అంటాడు. నేనేమో పాటలు మారుస్తూ పోతున్నాను, ఏది నొక్కినా నువ్వే.

కేకు కొయ్యడానికి ఇద్దరూ వేదికెక్కారు. ఓనరుగారు తనకిష్టమైన పాట ముందే చెప్పి ఉంచారు. అది వాన పాట. నువ్వు రాసిందే, వాన్లోకి వెళ్ళి ఏడుస్తాడే, అది. వాళ్ళ తలల మీదుగా ఎర్రక్షరాలు బయల్దేరాయి. ‘పెళ్ళాన్ని కొట్టి తనే ఏడ్చేవాడి పాట’.

నవ్వు ఆగిపోయింది, అక్కా. మేనేజరు వైరు పీకడానికి వేదిక కింద దూరబోయాడు. ఓనరమ్మగారు చేతిలో కేకు కోసే చాకుతో అతనికేసి చూసి, ఉండనివ్వమన్నారు. పాట నడుస్తోంది, పేరు తిరుగుతోంది. ఒక చరణం పూర్తిగా అందరం అలాగే నిలబడి విన్నాం. ఆవిడ మైకు దగ్గరికొచ్చి గట్టిగా కూడా కాదు, మామూలుగానే అన్నారు:

“మా పెళ్ళిలోనూ ఇదే వేశారు. దీని పేరు ఇదని నాకు ఇన్నేళ్ళకి తెలిసింది.”

తర్వాత నావైపు తిరిగి పాట ఆపమన్నారు. ఆపాను. ఓనరుగారు కేకునే చూస్తున్నారు. ఆవిడే కోశారు, ఆవిడే అందరికీ పంచారు. ఆయనకి కూడా పెట్టారు, ఆఖర్న.

వెళ్ళేటప్పుడు ఆవిడ నన్ను పిలిచి ఈ పేర్లు పెట్టిందెవరని అడిగారు. మా అక్కండి అన్నాను. కాంట్రాక్టు మాట ఎత్తలేదు. వారం ఆగి రమ్మన్నారు. నేను సామాను సర్దుతూ ఇది రాస్తున్నాను. నన్ను ముంచావో తేల్చావో నాకే తెలీదు.

తమ్ముడు

వదినా, ఈయన ధైర్యంగా చెప్పినట్టు రాసుకున్నారు. ‘మా అక్కండి’ అన్నది క్లాసులో పక్కవాణ్ణి చూపించే పిల్లాడి గొంతుతో. నేను పక్కనే ఉన్నాను. మీరు పేరు పెట్టిన పాటల్లో నాకు పెళ్ళికి ముందు బాగా నచ్చినవి పది దాకా ఉన్నాయి. ఇప్పుడు వంట చేస్తూ అలవాటుగా అందుకుని, పేరు గుర్తొచ్చి ఆపేస్తున్నాను. హాయిగా పాడుకోవడానికి ఏం మిగిల్చారు మాకు? వాయిద్యాలు నోటితో పాడలేను కదా. మీ మరదలు.


స్టాఫ్ రూము
ఇన్విజిలేషన్ ముగించుకుని

చిన్నోడా, మరదలా, ఇద్దరికీ,

ఎంతమంది చదివారు? సుమారుగా చెప్పు. కుర్చీలన్నీ నిండాయా?

పాతికేళ్ళుగా చిన్న పత్రికలకి వ్యాసాలు రాస్తున్నాను. నాకు తెలిసి ఏ వ్యాసమూ చివరిదాకా చదివినవాడు ప్రూఫులు దిద్దేవాడొక్కడే, వాడికి తప్పదు కనక. ఒక వాక్యానికి హాలంతా ఊపిరి బిగబట్టిందంటే నేనింకా నమ్మలేకుండా ఉన్నాను. అక్షరాలు ఎరుపని రాశావు. సంతోషం.

ఆవిడ అన్న మాట బోర్డు మీద రాసిపెట్టుకున్నాను, మా ఇంటి గోడ బోర్డు మీద. మీ బావ చదివి, పొద్దున కాఫీ తనే పెట్టాడు. మా ఇంట్లో వాన పాటేమీ లేదు, అయినా పెట్టాడు.

మరదలా, నీ ప్రశ్న న్యాయమైందే. ఆ బాణీలు బాగుంటాయి, అదే నాక్కూడా కోపం. మాటలు మార్చి పాడుకో. నేను వ్యాయామం చేసేటప్పుడు అదే చేస్తాను.

చిన్నోడా, కాంట్రాక్టు పోతే ఆ పాపం నాదే, దాంట్లో వాదన లేదు. మా స్కూలు వార్షికోత్సవాలూ, యూనియన్ సభలూ నీకే ఇప్పిస్తాను. యూనియన్ వాళ్ళు స్పీకర్లు పగలగొడతారు, ముందే చెబుతున్నాను. కబురు రాగానే రాయి.

అక్క


ముందుగది నుంచి
గురువారం

అక్కకి,

ఓనరమ్మగారు పిలిపించారు. కాంట్రాక్టు ఇస్తారట. ఆవిడే సంతకం పెడతారట, హాలు ఆవిడ పేరు మీదే ఉందని నాకిప్పుడే తెలిసింది. అయితే ఒక షరతు. నెలనెలా కొత్త పాటలకి పేర్లు కావాలి, అవి పెట్టింది నువ్వే అయ్యుండాలి. నేను పెడితే ఒప్పుకోరట. ‘మీరు మంచివారే కానీ మీకు కోపం లేదు’ అన్నారు. ఈ నెలాఖరులోగా మొదటివి ఇవ్వకపోతే మేనేజరు యాప్ పెట్టుకుంటాడు.

దాచకుండా ఇంకోటి కూడా చెప్పాలి. కాంట్రాక్టు తేలేదాకా హాల్లో రోజు లెక్కన నేనే వేస్తున్నాను, జనం ఆ పాటల్నే అడుగుతున్నారు. మొన్నొక పెళ్ళికొడుకు తను లోపలికి నడిచొచ్చేటప్పుడు ‘సంస్కారహీనతకు పరాకాష్ఠ’ వెయ్యమని ముందే చెప్పి వెళ్ళాడు. బోర్డు మీద పేరు రాగానే స్నేహితులంతా ఎగిరి గంతేశారు. ఎంత పెద్ద తిట్టుంటే అంత పెద్ద ఈల. మేనేజరు అయితే, పేరు ముందు చూపించి ఏ పాటో చెప్పినవాళ్ళకి బహుమతి పెడదామంటున్నాడు.

అమ్మలు కూర్చునే బల్ల మాత్రం ఈలలెయ్యదు. చదువుతుంది. అది కూడా చూశాను కనక రాస్తున్నాను.

నువ్వు రాస్తే నా స్పీకర్లు నాకుంటాయి. ఇంతకన్నా అడగడం నాకు చేతకాదు.

తమ్ముడు


ఇంట్లోంచి, వంటింటి బల్ల
ఆదివారం పొద్దున

ఒరేయ్,

రాయను.

నేను మందు రాసిచ్చాననుకున్నాను. మీరు దాన్ని పచ్చడిలా నంజుకుంటున్నారు. సిగ్గుపడాల్సిన చోట చప్పట్లు కొడుతున్నాయి ఈ చేతులు. పేరు తెలియక ఎగిరినవాణ్ణి క్షమిస్తాను, తెలిశాక కూడా ఎగిరేవాడిలో తప్పు పాటది కాదు, ఆ కాళ్ళది. ఈల వేసేముందు ఇంటికి ఫోన్ చేసి ఒకసారి మీ అమ్మతో మాట్లాడండి. ఈ లోకం తిట్టుని కూడా పొట్లం కట్టి అమ్ముతుంది, కొన్నవాడు విప్పి చూసి నాది కాదులే, పక్కవాడిది అనుకుని నవ్వుతాడు. నా కోపం ఎవరి విందుకీ వినోదం కాదు.

ఆ మేనేజరు బహుమతి పెడతానన్నాడా? వాడికి సొంత నోరు లేదు, ఎవరి నోరు దొరికితే ఆ నోటితో బతుకుతాడు. ఆ పెళ్ళికొడుకు సంగతి చెప్పు. పెళ్ళిరోజునే ఇంత తెలివుంటే పదో ఏట ఎంతుంటుందో ఆ పిల్ల లెక్కేసుకోవాలి. నీ సంగతీ చెబుతాను. అక్క కోపం తీగల్లోంచి పంపి తన ఇంట్లో దీపం వెలిగించుకునేవాడివి నువ్వు.

ఓనరమ్మగారికి నా గౌరవం చెప్పు. ఆవిడ అన్న ఒక్క మాట ముందు నా పేర్లన్నీ దిగదుడుపే. ఆవిడకి నిజం కావాలి, నాకు తెలుసు. కానీ ఆవిడ కుర్చీ పక్కనే వందమందికి కితకితలు కావాలి. ఆ వందమందికీ నేను రాయను. వాన్లో ఏడ్చినంత మాత్రాన చేతికంటిన తప్పు కడుక్కుపోదని చెప్పడానికి ఎర్ర బోర్డు కావాలా మనుషులకి?

నీ స్పీకర్ల గురించి రెండు రోజులుగా నిద్రలేదు. అయినా రాయను. ఇది ఆఖరి మాట.

అక్క


ముందుగది, కొత్త వైర్ల చుట్టల మధ్య నుంచి
శనివారం

అక్కకి,

కాంట్రాక్టు మీద ఓనరమ్మగారు నిన్న సంతకం పెట్టారు.

ముందు నీ ఉత్తరం ఆవిడకి చూపించాను. నువ్వు రాయనన్నావని నా నోటితో చెప్పే ధైర్యం లేక కాగితమే చేతికిచ్చాను. ఆవిడ చదివారు. మళ్ళీ చదివారు. పెన్సిల్ తీసుకుని వాక్యాలకి గీతలు పెట్టి, ఇవిగో రాసేశారుగా అన్నారు. ఏడాదికి సరిపడా ఉన్నాయన్నారు. నువ్వు వద్దన్నది కొత్త పేర్లు రాయడం. ఇవి పాతవే, నీ ఉత్తరంలోవి. నేను నీ మాట దాటలేదని మనవి.

నేనూ నీ మరదలూ కూర్చుని పాటలకి జతలు కట్టాం. ఆమె (చూశావా, ఆమె అన్నాను) చదవడం, నేను కొట్టడం, ఈసారి లోపలి పేర్లు. మొన్న రాత్రి విందులో పెట్టాం. కుర్రాళ్ళ పాట మొదలవగానే ఈలలు, ఆ ఈలల మీదుగా ‘ఈల వేసేముందు ఇంటికి ఫోన్ చేసి ఒకసారి మీ అమ్మతో మాట్లాడండి’ అని నడిచింది. ఈలలు ఆగాయి. ఎంతసేపంటే, నిజం చెప్పాలి కనక, అక్షరాలు ఈ గోడ నుంచి ఆ గోడకి చేరేంతసేపు. తర్వాత మళ్ళీ వేశారు. ఒకడు మాత్రం ఫోన్ చెవిన పెట్టుకుని బయటికి పోయాడు. వాళ్ళమ్మకి చేశాడో, ఆటో కోసం చేశాడో నేను అడగలేదు.

అమ్మల బల్ల నుంచి కబురొచ్చింది, బోర్డు కాస్త నెమ్మదిగా నడపమని. కళ్ళజోళ్ళు తీసి పెట్టుకునేలోపు వాక్యం వెళ్ళిపోతోందట. నడిపాను.

‘సొంత నోరు లేదు’ అన్నది తాగుబోతు పాటకి పెట్టాం. మేనేజరు చదివి పడీపడీ నవ్వాడు. నా గురించి రాసిన దీపం వాక్యం కూడా పెట్టాలని నీ మరదలు పట్టుబట్టింది. ‘రిటైర్మెంట్ కన్నీళ్ళు’లో ఒకదానికి పెట్టాను, ఎవరికీ అర్థం కాదని.

వాన పాటకి కొత్త పేరు అవసరం రాలేదు. హాలు అద్దెకి తీసుకునేవాళ్ళెవరు అడిగినా అది వెయ్యకూడదని ఆవిడ కాంట్రాక్టులోనే రాయించారు. నిషేధాల మీద నీకు నమ్మకం లేదని చెప్పాను. నాకుంది అన్నారు.

కోపంగా ఉంటే తిట్టు. తిట్టేది మాత్రం ఉత్తరంలోనే తిట్టు, ఫోన్ చెయ్యకు.

తమ్ముడు


స్టాఫ్ రూము, కిటికీ పక్క బల్ల
బెల్లు కొట్టేలోపు

చిన్నోడా,

‘సొంత నోరు లేదు’ అన్నది పాట గురించి కాదు, మనిషి గురించి. దాన్ని తాగుబోతు పాటకి పెడితే ఏమైంది? తగలాల్సినవాడు నవ్వాడు. తీసెయ్. ఆ పాటకి వేరే ఉండాలి. ‘తాగినప్పుడే నిజం చెబుతాడట, ఇంట్లోవాళ్ళు ఏరోజుకారోజు ఎదురుచూస్తున్నారు’ అని పెట్టు. పెళ్ళికొడుకు వాక్యం పొడుగెక్కువ, గోడ దాటేసరికి పాట అయిపోతుంది. ‘ఈ తెలివి పదో ఏటికి ఎంతవుతుంది’ అంటే చాలు. ఉత్తరంలో వాక్యాన్ని కోసి బోర్డు మీద వేలాడేస్తే అర్థం చెడుతుంది. నా మాటలు మీ పెన్సిళ్ళతో మీరు కోసుకోవడం కన్నా నేనే పొట్టిగా రాసి పారెయ్యడం నయం. వెనక పేజీలో కొన్ని ఉన్నాయి. ఇది ఒప్పుకోవడం కాదు, నష్టం తగ్గించుకోవడం. ఆ తేడా నీకు అర్థం కాకపోతే ఓనరమ్మగారిని అడుగు.

నిషేధం సంగతి ఆవిడతో నేనే మాట్లాడాలి. సెలవులకి వస్తున్నాను. ఆవిడకి ఖాళీ ఎప్పుడో కనుక్కో. వాదించడానికి మంచి మనిషి దొరికి చాలా కాలమైంది.

బోర్డు మీద నా పేరు వెయ్యొద్దు. నాకలాంటి యావ లేదు. ఒకవేళ ఆవిడే పట్టుబట్టి వేయిస్తే, ముందు ‘శ్రీమతి’ అని మాత్రం తగిలించనివ్వకు.

అక్క